మూడు గుండ్లు, మూడు స్లిప్పులు



పోయిన ఆదివారం తెలుగు తరగతి అయినాక కాఫీ తాగుతా ఉంటే ఇద్దరు ముగ్గురు అడిగినారు, "నాలుగు నెలలు అమెరికాలో ఉండి వచ్చినావు, ఒక్క ముక్కా రాయలేదే" అని. చూసిన ఊర్ల గురించి రాసేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు, ఫోటోలతో సహా. నేను రాయాలనుకున్నది వేరే. అది తుపాకి తూటాల దగ్గర మొదలై మా ఇంటి సంగతి దగ్గర తేలుతుంది. పొడుగు ఎక్కువే. ఓపిక ఉన్నవాళ్లు చదవండి. మా చుట్టాలు కొందరు ఈ గ్రూపులో ఉన్నారు, వాళ్లు మాత్రం చివరిదాకా చదవాలని నా కోరిక.

మా తమ్ముని కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. ఇంట్లో అందరమూ చిన్నోడు అనే పిలుస్తాము, ఇక్కడా అదే పేరు చాలు. హోసూరులో పుట్టి, తమిళ మీడియంలో చదివి, బెంగళూరులో ఇంజనీరింగు చేసి, ఆ దేశం పోయి పన్నెండేళ్లు. గ్రీన్ కార్డు వచ్చినాక ఆఫీసు స్నేహితులతో కలిసి రైఫిల్ రేంజికి పోవడం మొదలుపెట్టినాడు. కొందరికి గోల్ఫు పట్టుకుంటుంది, వీనికి ఇది పట్టుకుంది. వెయ్యి గజాల దూరంలో, అంటే 914 మీటర్ల అవతల పెట్టిన కాగితం మీద గురి చూసి కొట్టే పోటీ. ఎఫ్ క్లాస్ అంటారు. బోర్లా పడుకొని, రైఫిలు ముందుభాగం స్టాండు మీద పెట్టి, టెలిస్కోపులో చూసి కొడతారు. ఆ ఎఫ్ అక్షరం దాన్ని మొదలుపెట్టిన ఫార్ఖర్సన్ అనే కెనడా ఆయన పేరులోనిది.

నేను పోయిన మొదటి వారమే వాడు నన్ను గ్యారేజిలోకి తీసుకుపోయినాడు. కారు బయట ఎండలో ఉంది. లోపల బెంచీ, దాని మీద ప్రెస్సు, తక్కెడ, వెర్నియరు, మైక్రోమీటరు తల ఉన్న డై. ముప్పై ఏళ్లు టూల్‌రూములో, ఇన్‌స్పెక్షన్‌లో బతికినవాణ్ణి, నాకు ఇల్లు చేరినట్టు అయింది. "ఏమిరా ఇది, లేతు షాపు పెట్టినావా?" అంటే, "తూటాలు నేనే కట్టుకుంటాను పెదనాయనా" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. ఆ దేశంలో సొంత వాడకానికి తూటా తయారు చేసుకోవచ్చు. మన దేశంలో లైసెన్సు లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం. మన పిల్లలెవరూ ఇది చదివి ఇంట్లో ప్రయోగాలు పెట్టుకోవద్దు. నేను కూడా అక్కడ టూరిస్టు వీసా మీద ఉన్నవాణ్ణి. ఆ వీసా మీద పోయినవాళ్లు తుపాకీ, తూటా దగ్గర పెట్టుకోకూడదని అక్కడి చట్టం. అందుకని నాలుగు నెలలూ నా చేతిలో ఉన్నది పెన్నూ నోటుబుక్కూ మాత్రమే.

తూటా అంటే నాలుగు వస్తువులు. ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమరు, లోపల మందు, ముందు మెడలో దూర్చిన గుండు. సీసాకు బిరడా పెట్టినట్టు గుండును కేసు మెడలోకి నొక్కుతారు. ఎంత లోతుకు నొక్కాలనేదే వీళ్ల పెద్ద తగువు. ఎందుకంటే, తూటాను తుపాకిలో పెట్టినప్పుడు గుండు ముందు కొంచెం ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ దాటినాక గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు, గాడుల మధ్య గట్లు మొదలవుతాయి. గుండు ఆ గట్లను పట్టుకొని తిరుగుతా బయటికి పోతుంది. కేసును వదిలి గట్టును తాకేదాకా గుండు దూకే దూరాన్ని జంప్ అంటారు. గుండును పైకి పెడితే జంప్ తక్కువ, లోపలికి నొక్కితే ఎక్కువ. దూకేటప్పుడు గుండు సూటిగా పోతుందా, కొంచెం వాలిపోతుందా అన్నదాని మీద గురి ఆధారపడుతుందని లెక్క.

కొలత థౌలలో. ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 25.4 మైక్రాన్లు. తూటా మొత్తం పొడవు కొలిస్తే పనికిరాదు, గుండు మొన ఒకదానికీ ఇంకోదానికీ తేడాగా ఉంటుంది. అందుకని గుండు ఒంపు మీద ఒక నిర్ణీత వ్యాసం దగ్గర ఆగే చిన్న గేజిని వెర్నియరుకు బిగించి, కేసు అడుగు నుంచి అక్కడికి కొలుస్తారు. మంచి పద్ధతే. మొన మీద నమ్మకం పెట్టుకోకుండా పని చేసే భాగాన్ని కొలవాలని మేము కూడా ట్రైనీలకు చెప్పేవాళ్లం.

చిన్నోని రైఫిలు 6.5 క్రీడ్‌మూర్. 2007లో హోర్నడీ కంపెనీ తెచ్చిన తూటా అది. 140 గ్రెయిన్ల గుండు, సుమారు 9 గ్రాములు. వాడి నోటుబుక్కు తీసి చూపించినాడు. పేజీ పేజీకీ ఒక పట్టిక. 20 థౌల జంప్‌తో మూడు గుండ్లు, 23తో మూడు, 26తో మూడు, అట్ల 3 థౌలు పెంచుకుంటా పోయి, ఏ మూడు రంధ్రాలు దగ్గరగా పడినాయో దానికి ఎర్ర ఇంకుతో సున్న చుట్టినాడు. బాగా ముచ్చటగా రాసుకున్నాడు. వాడి నాయన చేతిరాత కూడా అట్లే ఉండేది, అచ్చు గుద్దినట్టు.

పేజీలు తిప్పినాను. మొదటి నెల 26 దగ్గర సున్న. రెండో నెల 41 దగ్గర. తరువాత 20. తరువాత 35.

"ఏమిరా, నీ మంచి కొలత ఊరూరా తిరుగుతా ఉందే?"

"గొంతు అరుగుతుంది గదా పెదనాయనా. ప్రతి వంద తూటాలకు గట్లు ముందుకు జరుగుతాయి. మనం వెంట పడాలి."

అది నిజమే. మందు వేడికి గొట్టం మొదట్లో గట్ల అంచు కాలి, అరిగి, వెనక్కి తగ్గుతుంది. వాడు చెప్పిన లెక్క ప్రకారం ఇలాంటి గొట్టం పోటీ గురితో రెండు మూడు వేల తూటాలు కొడుతుంది, అంతే. అందులో పద్నాలుగు వందలు ఈ వేటలోనే అయిపోయినాయి. ప్రతి శనివారం రేంజి, ప్రతి రాత్రి గ్యారేజి. కోడలు నాతో ఒకసారి పొయ్యి దగ్గర నిలబడి మెల్లగా అనింది, "మామా, ఆయన మాతో తిని ఎన్ని రోజులయిందో అడగండి" అని. నేను అడగలేదు. మా ఇంట్లో మగవాళ్లకు ఇట్లాంటివి అడగడం చేతకాదు.

మొదటిసారి రేంజికి పోయినప్పుడు ఒక సంగతి జరిగింది. ఆ రోజు వాడు కొన్ని తూటాలను గట్లలోకి 10 థౌలు గుచ్చుకునేటట్టు కట్టుకొచ్చినాడు, జంప్ లేకుండా. ఒకటి తుపాకిలో పెట్టి బోల్టు మూసినాడు. అప్పుడే ఎవరో టార్గెట్లు మార్చాలని కాల్పులు ఆపమని కేక వేసినారు. వీడు బోల్టు తెరిస్తే కేసు ఒక్కటే వచ్చింది. గుండు గట్లలో ఇరుక్కొని గొట్టంలోనే ఉండిపోయింది. మందంతా తుపాకి లోపల ట్రిగ్గరు దాకా ఇసుక మాదిరి ఒలికిపోయింది. రాడ్డుతో ముందు నుంచి తట్టి గుండును బయటికి తీసి, మందు దులుపుకొని, ముఖం ఎర్రగా చేసుకొని కూర్చున్నాడు. పక్క బెంచీ పెద్దాయన నవ్వినాడు, పాపం ఎగతాళికి కాదు. గట్లకు గుచ్చి కడితే లోపలి ఒత్తిడి కూడా పెరుగుతుందట, మందు తగ్గించుకోకపోతే ప్రమాదం. అప్పటిదాకా నాకు ఇది ఆటే. ఆ మందు ఒలికినాక, ఈ అబ్బాయి దేని కోసమో మరీ వెంపర్లాడుతున్నాడని అనిపించింది.

ఆ రాత్రి నేను ఒక చిన్న పని చేయించినాను. గట్లు ఎక్కడ మొదలవుతాయో వాడు ఎట్ల కొలుస్తాడంటే, ఒక కేసులో గుండును వదులుగా పెట్టి, రాడ్డుతో మెల్లగా ముందుకు తోసి, గట్టుకు తాకిందని చేతికి తెలిసినప్పుడు ఆపి, బయటికి తీసి వెర్నియరు పెడతాడు. "అయిదుసార్లు కొలువు. నువ్వు అంకె చూడొద్దు, నేను చూసి రాసుకుంటాను" అన్నాను. కొలిచినాడు. అయిదు అంకెలూ చూపించినాను. చిన్నదానికీ పెద్దదానికీ 4 థౌల తేడా.

"అదే గొట్టం, అదే గుండు, అదే చెయ్యి. అయిదు నిమిషాల్లో గట్టు 4 థౌలు జరిగిందా నాయనా?"

వాడు మాట్లాడలేదు. వాడు వెతికే అంగ 3 థౌలు. వెర్నియరు మంచిదే, అర థౌ చూపిస్తుంది. తేడా వాడి వేలి ఒత్తిడిలో ఉంది. కొలిచే పద్ధతి వణుకు కొలవాల్సిన తేడాకంటే పెద్దదిగా ఉంటే, ఆ కొలత పట్టుకొని నిర్ణయాలు చేయకూడదని టూల్‌రూములో మొదటి పాఠం. గేజి వణుకు టాలరెన్సులో పదో వంతు లోపల ఉంటే నమ్మొచ్చు. మూడో వంతు దాటితే ఆ గేజి పక్కన పెట్టాల్సిందే.

ఇంక మూడు రంధ్రాల సంగతి. దీంట్లో మన అందరికీ ఒక పొరపాటు ఉంది, ఒక్క చిన్నోనికే కాదు. ఒకే రైఫిలు, ఒకే రకం తూటా, ఏమీ మార్చకుండా మూడు మూడుగా కొడితే, ఒకసారి రంధ్రాలు అర అంగుళంలో పడతాయి, ఇంకోసారి అంగుళంలో. ఏమీ మారలేదు, అయినా రెట్టింపు తేడా. మూడు సార్లు నాణెం ఎగరేస్తే మూడూ బొమ్మ పడినట్టు. మూడుకు బదులు పది కొడితే సగటున గుంపు వెడల్పు ఒకటిన్నర రెట్లు అవుతుంది, అది రైఫిలు పాడయి కాదు, ఎక్కువ కొట్టినందుకు. అప్పుడు కనబడేదే దాని అసలు ముఖం. హోర్నడీ ఇంజనీర్లు కూడా తమ పాడ్‌కాస్టులో ఇదే చెప్పినారు, మీ గుంపులు చాలా చిన్నవి, ఇరవై ముప్పై కొట్టనిదే ఏదీ తేల్చొద్దు అని. చిన్నోడు అది విన్నాడు కూడా. విని, పక్కన పెట్టి, మళ్లీ మూడు మూడు కొట్టినాడు. ముప్పై కొట్టాలంటే ఖర్చు, గొట్టం అరుగుదల. మూడు కొడితే ప్రతి శనివారమూ ఒక జవాబు దొరుకుతుంది.

నేను ఒక పరీక్ష చెప్పినాను. రెండే లోతులు. 20 థౌల జంప్, 60 థౌల జంప్. మధ్యలో 40 థౌల తేడా, వేలి వణుకు మింగలేనంత. బెర్గర్ అనే గుండ్ల కంపెనీ కూడా 3 థౌలతో మొదలుపెట్టొద్దు, 40 థౌల పెద్ద అంగలు వేసి వెతకమని సలహా ఇచ్చింది. ఒక్కో లోతుకు ఇరవై తూటాలు, మందు ఒకటే. అయిదేసి చొప్పున ఎనిమిది కవర్లు. ఏ కవరులో ఏది ఉందో కొట్టేవానికి తెలియకూడదు, రాసుకునే నాకూ తెలియకూడదు. కవర్లు కలిపే పని కోడలికి ఇచ్చినాము. ఆ పిల్ల సంతోషంగా చేసింది. పెళ్లయినాక ఆ గ్యారేజిలో ఆమెకు దక్కిన మొదటి పెత్తనం అది అనుకుంటా. కవర్ల మీద సంఖ్యలు కూడా వేయలేదు, ఇడ్లీ, దోసె, ఉప్మా, పొంగలి అని ఎనిమిది టిఫిన్ల పేర్లు రాసింది.

గాలి లేని ఒక పొద్దున వంద గజాల దగ్గర కొట్టినాడు. కవరుకూ కవరుకూ నడుమ గొట్టం చల్లారేదాకా ఆగినాము. ఇంటికొచ్చి కాగితాలను గురి గుర్తు మీద గురి గుర్తు వచ్చేటట్టు పెట్టి, అన్ని రంధ్రాల నడిబిందువు కట్టి, ఒక్కో రంధ్రం దాని నుంచి ఎంత దూరమో కొలిచి సగటు తీసినాము. ఎక్కువ దూరం పడిన రెండు రంధ్రాల మధ్య కొలవడం కంటే ఇది న్యాయమైన లెక్క, ఎందుకంటే ప్రతి గుండూ సాక్ష్యం చెబుతుంది. కోడలు కాగితం విప్పింది. 20 థౌలకు సగటు 0.28 అంగుళం. 60 థౌలకు 0.26. ఎనిమిది గుంపుల్లో అన్నిటికంటే బిగువైనదీ, 0.41, అన్నిటికంటే చెదిరినదీ, 0.93, రెండూ 60 థౌలవే. ఒకటి పొంగలి, ఒకటి ఉప్మా.

లోతుకు అర్థమే లేదని నేను చెప్పడం లేదు. ఇది ఒక రైఫిలు, ఒక గుండు. ఒంపు నిటారుగా ఉండే సన్నని పొడుగు గుండ్లు కొన్ని జంప్ మీద పేచీ పెడతాయని చాలామంది అనుభవం. బెంచ్‌రెస్ట్ వాళ్ల రైఫిళ్లు చాలా బిగువుగా కొడతాయి, వాళ్లకు చిన్న తేడా కూడా కనబడొచ్చు. ఏ లోతయినా అన్ని తూటాలకూ ఒకటే ఉండాలి, అది వేరే మాట. గాని చిన్నోడు పద్నాలుగు వందల తూటాలతో తరిమిన ఆ ఎర్ర సున్నలు చాలావరకు ఉత్త గాలి. పైగా వెయ్యి గజాల దగ్గర గంటకు 10 మైళ్ల అడ్డగాలి ఈ గుండును మీటరున్నర పైనే పక్కకు తోస్తుంది. పది మార్కుల వలయం వెడల్పేమో 10 అంగుళాలు. గాలి చదవడం నేర్చుకోవాల్సిన శనివారాలు వాడు గ్యారేజిలో ఖర్చు పెట్టినాడు.

(నడుమ ఒక ముచ్చట. మన గగన్ నారంగ్ లాంటి 50 మీటర్ల రైఫిల్ షూటర్లు వాడే .22 తూటాను ఇట్ల మళ్లీ కట్టుకోవడం కుదరదు, దాని ప్రైమరు మందు కేసు అంచులోనే ఉంటుంది. అందుకని వాళ్లు తూటాలను బ్యాచిల వారీగా పరీక్షించి ఎంచుకుంటారు. ఎలీ, లపువా కంపెనీలకు ఇందుకోసమే టెస్టు రేంజిలు ఉన్నాయి, షూటరు తన రైఫిలు తెచ్చి ఏ బ్యాచి కుదురుతుందో చూసుకోవచ్చు. అక్కడ కూడా కొన్ని గుండ్లు చూసి సంబరపడితే ఇదే గతి.)

అప్పుడు నేను వానికి గరాటు ప్రయోగం చెప్పినాను. డెమింగ్ తన క్లాసుల్లో చూపించేది. బల్ల మీద ఒక గుర్తు, దాని పైన గరాటు, గరాటులోంచి గోలీ వదలాలి. గోలీ ఎప్పుడూ సరిగ్గా గుర్తు మీదే ఆగదు, కొంచెం అటూ ఇటూ దొర్లుతుంది. గరాటును కదపకుండా యాభైసార్లు వదిలితే గుర్తు చుట్టూ ఒక గుంపు వస్తుంది. అట్ల కాకుండా, గోలీ రెండంగుళాలు కుడికి పోయిందని గరాటును రెండంగుళాలు ఎడమకు జరిపి, మళ్లీ వదిలి, మళ్లీ జరిపి, ఇట్ల ప్రతిసారీ సరిదిద్దుకుంటా పోతే గుంపు పెద్దదవుతుంది. చెదురు లెక్కలో సరిగ్గా రెట్టింపు. బాగు చేయాలనే ఆత్రమే పాడు చేస్తుంది. ఈ పాఠం మా హోసూరుకు కొత్త కాదు. 2002లో టీవీఎస్ మోటార్‌కు డెమింగ్ ప్రైజు వచ్చినాక చుట్టుపక్కల ఫ్యాక్టరీలన్నిటికీ ఆ గాలి తగిలింది. నేను పనిచేసినది వేరే చోట, అక్కడ కూడా క్లాసులు పెట్టినారు. ఆ క్లాసులు చెప్పినవాణ్ణి నేనే. గరాటు, గోలీ నా సంచిలోనే ఉండేవి. ఎంతమంది ట్రైనీలకు చూపించినానో లెక్క లేదు.

గ్యారేజిలో ఆ మాట చెబుతా చెబుతా నేను ఆగిపోయినాను. చిన్నోడు ప్రెస్సు ముందు వంగి నిలబడి ఉన్నాడు. వెనక నుంచి చూస్తే ఆ భుజాలు, ఆ మెడ, గ్రైండింగ్ మిషను ముందు నిలబడిన మా తమ్ముడే.

ఇప్పుడు ఇంటి సంగతి.

నేను 1987లో ఫ్యాక్టరీలో చేరినాను. 1991లో మా తమ్ముడు అక్కడే ట్రైనీగా చేరినాడు, సిలిండ్రికల్ గ్రైండింగ్ మీద. 25 మిల్లీమీటర్ల షాఫ్టు, టాలరెన్సు మొత్తం 10 మైక్రాన్లు. నేను ఇన్‌స్పెక్షన్. అన్నదమ్ములని వదిలేస్తున్నాడని ఎవరైనా అంటారేమో అని నాకు భయం. అందుకని వేరేవాళ్ల ముక్కలు అయిదింటికి ఒకటి కొలిస్తే, వాని ముక్కలు ప్రతిదీ కొలిచేవాణ్ణి. కంపారేటరు గేజి కింద పెట్టడం, "3 మైక్రాన్లు ఎక్కువ ఉంది, వీల్ జరుపు" అనడం. వాడు జరిపేవాడు. తరువాతి ముక్క తక్కువ వచ్చేది. "ఇప్పుడు తక్కువైంది, వెనక్కి జరుపు." వాడు మళ్లీ జరిపేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇదే. ముక్కలు కూలెంటులోంచి తీసిన వేడి మీద ఉండేవి. 25 మిల్లీమీటర్ల ఉక్కు 10 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 3 మైక్రాన్లు పెరుగుతుంది. కొలతలకు ప్రమాణం 20 డిగ్రీలు. మా ఇన్‌స్పెక్షన్ బెంచీ మీద ఒక ఫ్యాను ఉండేది, అంతే.

నెలలో మూడు రిజెక్టు స్లిప్పులు వస్తే ట్రైనీని పర్మనెంటు చేయరు, అది అప్పటి రివాజు. మూడూ నేనే రాసినాను. మూడో స్లిప్పు రాసిన రోజు వాడు నా ముఖం చూసి, "సరే అన్నా" అన్నాడు. అంతే అన్నాడు.

తరువాత వాడు బాగలూరు రోడ్డులో చిన్న లేతు షాపు పెట్టుకున్నాడు. అప్పు, కరెంటు కోత, వసూలు కాని బిల్లులు, వీటితోనే బతికినాడు. పండగలకు మా ఇంటికి వచ్చేవాడు. నా ఫ్యాక్టరీ మాట వస్తే లేచి బయటికి పోయేవాడు. 2016లో గుండె ఆగి పోయినాడు.

క్లాసులు మొదలైనాక గేజిల పరీక్ష చేసినాము. అదే కంపారేటరు స్టాండు, ఒకే ముక్కను ముగ్గురు పదేసిసార్లు కొలిస్తే 4 మైక్రాన్ల వణుకు. 10 మైక్రాన్ల టాలరెన్సుకు 4 మైక్రాన్ల వణుకు! స్టాండు మార్చినాము, రిపోర్టు రాసినాము, మెచ్చుకున్నారు. 1991లో నేను తమ్మునికి పెట్టింది ఆ స్టాండే. రిపోర్టు మీద సంతకం పెడుతున్నప్పుడు గాని, ఆ తరువాత ఏళ్ల తరబడి గోలీలు వదిలి పాఠాలు చెప్పినప్పుడు గాని, ఒక్కసారి కూడా నాకు ఆ మూడు స్లిప్పులు గుర్తుకు రాలేదు. గుర్తుకు రాలేదా, రానివ్వలేదా అనేది నాకే తెలియాలి. వేల మైళ్ల అవతల, ముట్టుకోకూడని తూటాల పక్కన కూర్చున్నప్పుడు వచ్చింది.

చిన్నోనికి అప్పుడే అక్కడే చెప్పినాను. మొత్తం చెప్పినాను, వేడి ముక్కలు, ఫ్యాను, స్టాండు అన్నీ. వాడు ప్రెస్సు హ్యాండిలు పట్టుకొని విన్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత అన్నాడు:

"నాయన ఎప్పుడూ ఒక మాట చెప్పేవాడు పెదనాయనా. మా అన్న గేజి పెట్టి చూసినాడంటే చూసినట్టే, నా చెయ్యే సరిగ్గా లేదు అని. అందుకే నన్ను మిషను దగ్గరికి రానీయలేదు. మన చేతికి ఆ పని రాదురా, నువ్వు చదువుకో అనేవాడు."

నేను ఇన్నాళ్లూ వానికి నా మీద కోపం ఉందనుకున్నాను. కోపం ఉండి ఉంటే నాకు బాగుండేది.

"నువ్వు అప్పుడే చెప్పింటే బాగుండు" అని చిన్నోడు లైటు ఆర్పి లోపలికి పోయినాడు. ఆ రాత్రి వాడు పెళ్లాం బిడ్డలతో కూర్చొని తిన్నాడు. నేను కూడా కూర్చున్నాను, ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. కోడలు నా ప్లేటులో అడగకుండా ఇంకో దోసె వేసింది.

ఊరికి వచ్చినాక మరదలు దగ్గరికి పోయి ఇదంతా చెప్పినాను. ఆమెకు మైక్రాన్లు తెలీదు. స్లిప్పులంటే తెలుసు. "ఆ నెల మీ తమ్ముడు రాత్రిళ్లు లేచి కూర్చొని చేతులు చూసుకునేవాడు బావా" అనింది. నేను తల ఎత్తలేదు. ఈ సంగతి గ్రూపులో రాస్తాను, రాయనా అని అడిగితే, "రాయి, వాడు పనిమంతుడని రాయి" అనింది. అందుకే రాస్తున్నాను. మా తమ్ముడు పనిమంతుడు. వాని గ్రైండింగులో తప్పుందని నేను రాసిన మూడు స్లిప్పులకూ ఆధారం లేదు. ఇది చదివే మా చుట్టాల్లో వాడు ఫ్యాక్టరీలో పని చేతకాక బయటికి వచ్చినాడని అనుకున్నవాళ్లు ఎవరన్నా ఉంటే, అది తప్పు.

పోయిన వారం చిన్నోడు పోటీకి పోయినాడు. ఇరవై తూటాలు, అన్నీ ఒకటే లోతు, 60 థౌలు. స్కోరు కార్డు ఫోటో పంపినాడు. గెలవలేదు, నడుమలో ఎక్కడో ఉన్నాడు. పైకీ కిందికీ ఒక్కటి తప్ప అన్నీ పది వలయంలోనే ఉన్నాయి, పోయిన మార్కులన్నీ ఎడమకూ కుడికీ, అంటే గాలికే. ఇప్పుడు శనివారాలు గాలి జెండాలు చూస్తూ కూర్చుంటున్నాడట.

దాంతో పాటు ఇంకో ఫోటో కూడా పంపినాడు. డై మీది మైక్రోమీటరు తలకు తెల్ల టేపు చుట్టి, దాని మీద తెలుగులో "ముటొద్దు" అని రాసినాడు. వీడియో కాల్‌లో మన తరగతికి మూడు వారాలే వచ్చినాడు, ఇంకా వత్తుల దాకా పోలేదు.